గాలివానల కాలానికి ముందు మాడ్యులర్ ఇంటి జాగ్రత్తలు

ఇటుక గోడల ఇల్లు చాలావరకు తన బరువుతోనే గాలికి నిలబడుతుంది. ఫ్యాక్టరీలో తయారై లారీలో ఊరికి చేరే మాడ్యులర్ ఇంటికి ఆ బరువు ఉండదు కనుక, దానిని నేలకు పట్టి ఉంచేవి పునాదిలో దిగిన యాంకర్ బోల్టులే. వానాకాలం ఇంకా నెల ఉందనగా మొదట చూసుకోవలసినవి అవే.

గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరుపై సుమారు 150 కిలోల బరువుకు సమానమైన బలం చూపుతుంది. ఇలాంటి ఇళ్ళ గోడలకూ కప్పుకూ వాడే 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య గట్టి నురుగు నింపిన పలక) అంతే వైశాల్యంలో పది పన్నెండు కిలోలకు మించి తూగదు. పైగా తక్కువ వాలున్న కప్పును గాలి నొక్కదు, పైకి లాగుతుంది. ఆ లాగుడు అంచుల్లోనూ మూలల్లోనూ అధికం. కాబట్టి స్క్రూల తనిఖీ అక్కడినుంచే మొదలుపెట్టి, ఎండకు పగిలిన రబ్బరు వాషర్లను మార్చాలి. కొత్తవాటిని నలిగిపోయేంతగా బిగిస్తే మళ్ళీ అక్కడే కారుతుంది.

ఉక్కు స్తంభాల అడుగున చేరిన మట్టిని తొలగించి చూడండి, తుప్పు ఎక్కువగా దాగేది అక్కడే. తుప్పును గీకి జింక్ ప్రైమర్ పూయవచ్చు, కానీ లోహం పలచబడితే ఆ ముక్కను మార్చించాల్సిందే. ఖర్చు తగ్గుతుందని కొందరు ఇంటిని విడి సిమెంటు దిమ్మెల మీద ఊరికే నిలబెడతారు. దానిని పునాది అనడానికి నాకు మనసొప్పదు.

మాడ్యూళ్ళ మధ్య అతుకుల్లో పాత సీలెంట్‌ను పూర్తిగా తీసి, ఆరిన తరువాతే కొత్తది నింపాలి. పాతదానిమీదే పూస్తే అది సరిగా అంటుకోదు. ఆపై పైపుతో నీళ్ళు కొట్టి చూడాలి. కిందినుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి వెళితే నీరు ఎక్కడ చొరబడుతోందో తెలుస్తుంది.

ఉక్కు చట్రానికి ఎర్తింగ్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) రెండూ ఉండాలి; వాటిని ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి.

తుపాను హెచ్చరిక వచ్చాక తలుపులు, కిటికీలు గట్టిగా మూయాలి, ఎందుకంటే గాలి వచ్చే వైపు ఒక్క తలుపు తెరుచుకున్నా లోపలి ఒత్తిడి కప్పును పైకి నెడుతుంది. ఆ తరువాత మెయిన్ స్విచ్, గ్యాస్ ఆపి, ఇంట్లో ఉండకుండా దగ్గరలోని పక్కా భవనానికి వెళ్ళండి.