కీర దోస: పెంపకం, పేరు, విత్తనం

పెరట్లో కీర దోస వేయదలచినవారు ముందుగా దాని పేరు సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే తెలుగులో "దోస" అన్న మాట రెండు వేర్వేరు జాతులకు వర్తిస్తుంది. పప్పులోకి, ఆవకాయలోకి వాడే పసుపుపచ్చ దోసకాయ కర్బూజా జాతికి చెందినది. పచ్చిగా కోసుకుని తినే కీర మరొక జాతి. మొదటిదానికి 24 క్రోమోజోములు, రెండవదానికి 14 ఉండడం వల్ల ఒకే పందిరి మీద పాకించినా ఈ రెండూ సంకరం చెందవు. "కీర" హిందీ "ఖీరా" నుంచి వచ్చింది. లేత పిందె మీద వేలు రాస్తే గరగరలాడే సన్నని ముళ్ళను బట్టి కొందరు దీనిని ముళ్ళదోస అంటారు. నాకు ఆ పేరే ఇష్టం. ఇంగ్లీషు "కుకుంబర్" లాటిన్ "కుకుమిస్" నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చిన మాట.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో గాని, తొలకరి వానల తరువాత గాని, పశువుల ఎరువు కలిపిన, నీరు నిలవని మట్టిలో రెండు సెంటీమీటర్ల లోతున గింజలు నాటి, మొక్కకు మొక్కకు అర మీటరు ఎడం ఉంచి, తీగ సాగగానే పందిరికి ఎక్కించాలి. నీటి తడి మాత్రం ఎన్నడూ తప్పరాదు. ఎండకు తీగ వాడితే కాయలో చేదు పెరుగుతుంది. మొదట పూసేవన్నీ మగపూలే కనుక అవి రాలిపోతున్నాయని దిగులు పడనక్కరలేదు. వెనుక చిన్న పిందె ఉన్నదే ఆడపువ్వు. కాయలను లేతగా ఉన్నప్పుడే కోస్తూ ఉంటే తీగ మరిన్ని కాయలు కాస్తుంది.

విత్తనం దాచుకోవాలంటే శ్రద్ధ అవసరం. పసుపు దోసతో భయం లేకపోయినా, పక్కన మరో రకం కీర ఉంటే తేనెటీగలు రెండింటినీ కలిపేస్తాయి. అందుకని మర్నాడు విచ్చుకోబోయే మగ, ఆడ మొగ్గలను సాయంత్రమే దారంతో కట్టి, ఉదయం విప్పి, మగపువ్వు రేకలు తీసి పుప్పొడిని ఆడపువ్వుకు అద్ది, మళ్ళీ కట్టివేయాలి. ఆ కాయ పూర్తిగా పసుపు లేదా గోధుమ రంగుకు తిరిగే వరకు తీగకే ఉండాలి. తరువాత గుజ్జుతో సహా గింజలను రెండు మూడు రోజులు నీటిలో పులియబెట్టి, అడుగున మునిగినవాటినే కడిగి, నీడలో ఆరబెట్టాలి. వంచితే పుటుక్కున విరిగినప్పుడే గింజను సీసాలో పోయాలి.