యెరూషలేము యాత్రకు ముందు: పరిశుద్ధ స్థలాల్లో పాటించవలసిన జాగ్రత్తలు

మట్టల ఆదివారం మొదలుకొని పునరుత్థాన పండుగ వరకు సాగే వారంలో యెరూషలేముకు వెళ్లదలచిన తెలుగు క్రైస్తవులు ముందుగా వీసా, టికెట్లు, మందుల గురించి ఆలోచిస్తారు. అవన్నీ అవసరమే. అయితే తాము నిలబడిన చోటు ఎవరికి, ఏ భావంతో దేవుని నివాసస్థలమో తెలియకపోతే, భక్తితో చేసిన పని కూడా అక్కడ ఇతరులకు గాయం కావచ్చు, కొన్నిసార్లు యాత్రికుని ప్రాణానికే ముప్పు తేవచ్చు. అందువల్ల ఈ జాగ్రత్తలను ఆయా స్థలాల అర్థంతో కలిపి చెప్పడమే మేలు.

యూదుల విశ్వాసంలో దేవుని నివాసం మొదట ఒక గుడారం. ప్రజల మధ్య తాను నివసించేటట్లు పరిశుద్ధస్థలాన్ని నిర్మించమని దేవుడు ఆజ్ఞాపించినట్లు నిర్గమకాండము 25వ అధ్యాయం చెబుతుంది. తరువాత మందిరాన్ని కట్టించిన సొలొమోను సైతం, ఆకాశ మహాకాశాలకే పట్టని దేవునికి ఈ కట్టడం ఎలా సరిపోతుందని ప్రార్థనలోనే అడిగాడు. అంతటి దేవుడు సమీపంగా ఉన్నాడన్న నమ్మకం నుంచే దూరం పాటించాలన్న నియమం కూడా పుట్టింది: అతిపరిశుద్ధ స్థలంలోకి ప్రధాన యాజకుడొక్కడే, అదీ ఏడాదికి ఒక్క ప్రాయశ్చిత్తార్థ దినాన మాత్రమే ప్రవేశించేవాడు. మొదటి మందిరాన్ని క్రీ.పూ. 586లో బబులోనీయులు, దాని చోట మళ్లీ కట్టిన రెండవ మందిరాన్ని క్రీ.శ. 70లో రోమీయులు నాశనం చేసినా ఆ దూరం చెరిగిపోలేదు. మందిరం నిలిచిన కొండపైకి యూదులు ఎక్కరాదని ఇశ్రాయేలు ప్రధాన రబ్బీల కార్యాలయం ఇప్పటికీ ద్వారం దగ్గర బోర్డు పెట్టి హెచ్చరిస్తోంది. ఈ నిషేధాన్ని అంగీకరించని యూదులూ ఉన్నారు.

పడమటి గోడ ఆ మందిరపు గోడ కాదు; హేరోదు విశాలపరచిన ఆవరణకు ఆధారంగా కట్టిన గోడ. అయినా దైవసన్నిధి ఈ గోడను ఎన్నడూ విడిచిపోలేదని యూదుల పరంపర చెబుతుంది గనుక అక్కడ పర్యాటకులలా కాక ఒక ప్రార్థనాస్థలంలో అతిథులలా మెలగాలి. పురుషులు తల కప్పుకోవాలి. టోపీ లేనివారికి అక్కడే ఇస్తారు. స్త్రీలకు, పురుషులకు వేర్వేరు భాగాలు ఉంటాయి గనుక కుటుంబంగా వెళ్లినవారు మళ్లీ ఎక్కడ కలుసుకోవాలో ముందే నిర్ణయించుకోవాలి. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటిపడే వరకు విశ్రాంతిదినం కాబట్టి అక్కడ ఫోను బయటికి తీయడం, ఫొటోలు తీయడం పూర్తిగా మానుకోవాలి. రాళ్ల సందుల్లో కనిపించే చీటీలను లాగి చదవకూడదు. అవి ఇతరుల ప్రార్థనలు, ఏడాదికి రెండుసార్లు వాటిని సేకరించి ఒలీవల కొండపై పాతిపెడతారు. కరపత్రాలు పంచడం, బృందంగా గొంతెత్తి పాడటం, యూదుల ప్రార్థన శాలువాలను వేషంలా ధరించడం ఎంత మంచి ఉద్దేశంతో చేసినా తగదు. మతమార్పిడి కోసం డబ్బో వస్తువులో ఇవ్వజూపడం ఇశ్రాయేలు చట్టం ప్రకారం నేరమని కూడా గుర్తుంచుకోవాలి.

ఆ గోడకు పైనున్న ఆవరణ ముస్లిములకు అల్-అక్సా మసీదు ప్రాంగణం. ముస్లిమేతరులను మొఘ్రబీ ద్వారం గుండా, నిర్ణీత గంటల్లో, శుక్ర, శనివారాలు కాని రోజుల్లో మాత్రమే అనుమతిస్తారు. వారు అక్కడ ప్రార్థించరాదన్నది చిరకాలంగా ఉన్న ఏర్పాటు గనుక బైబిలును బసలోనే ఉంచి వెళ్లాలి. పెదవులు కదిపే ప్రార్థన కూడా గొడవకు దారితీయవచ్చు.

క్రైస్తవుల నమ్మకం మరో దారి పట్టింది. వాక్యము శరీరధారియై మనమధ్య నివసించెనని యోహాను, విశ్వాసులే దేవుని ఆలయమని పౌలు రాశారు. మన సంఘాల్లో చాలావాటికి ఈ రెండవ మాటే ప్రాణం. అందుకే యేసును పాతిపెట్టిన చోటని నమ్మే స్థలంలో కట్టిన సమాధి దేవాలయంలో ధూపం, దీపాలు, చిత్రపటాలు, రాతిని ముద్దాడే జనం కనబడగానే మనవారిలో కొందరికి మనసు ఒప్పదు. దేవుడు ఒక దేహంలో నివసించాడని నమ్మినవారికి ఆ దేహం పడుకున్న రాయి కూడా ప్రియమైందని అర్థం చేసుకుంటే, అక్కడ వాదన పెట్టుకోవాలనిపించదు.

రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ కట్టించిన ఈ దేవాలయాన్ని 335లో ప్రతిష్ఠించారు, 1009లో ఫాతిమీ ఖలీఫా కూలగొట్టించాడు, క్రూసేడర్లు 12వ శతాబ్దంలో మళ్లీ కట్టారు. నేడు గ్రీకు ఆర్థడాక్స్, కాథలిక్, ఆర్మేనియన్ సంఘాలు ప్రధానంగా, కాప్టిక్, సిరియన్, ఇతియోపియన్ సంఘాలు కొంతమేర దీనిని పంచుకుంటున్నాయి. ఏ మూల ఎవరిదో, ఏ గంట ఎవరి ఆరాధనో 1852 నాటి ఒట్టోమన్ (తురుష్క) సుల్తాను ఫర్మానా ఖాయం చేసిన స్థితిని బట్టే నడుస్తుంది. 2002లో పైకప్పు మీద ఒక సన్యాసి తన కుర్చీని నీడలోకి జరుపుకున్నందుకే రెండు సంఘాలవారు కొట్టుకుని పలువురు గాయపడ్డారు. కాబట్టి లోపల కుర్చీని గాని, దీపాన్ని గాని తాకకూడదు. ఊరేగింపు వస్తే వెంటనే పక్కకు తప్పుకోవాలి. పడమటి గోడ దగ్గర తల కప్పుకున్న పురుషులు ఇక్కడ టోపీ తీసివేయాలి. భుజాలు, మోకాళ్లు కనబడని దుస్తులు ఉండాలి. చెప్పులు విడవనక్కరలేదు.

అన్నిటికంటే పెద్ద అపాయం ఆర్థడాక్స్ సంఘాల పునరుత్థాన పండుగకు ముందటి శనివారం జరిగే పవిత్రాగ్ని వేడుకలో ఉంది. సమాధి నుంచి వచ్చే అగ్నిని వేలమంది ముప్పైమూడేసి కొవ్వొత్తుల కట్టలతో అందుకుంటారు, బయటికి పోవడానికి ప్రధాన ద్వారం ఒక్కటే. 1834లో ఆ రోజున జరిగిన తొక్కిసలాటలో వందలమంది చనిపోయారు. ఇప్పుడు పోలీసులు సంఖ్యను పరిమితం చేస్తున్నా వృద్ధులు, గర్భిణులు, ఆయాసం ఉన్నవారు ఆ రోజు లోపలికి వెళ్లకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. వెళ్లే స్త్రీలు పైటకొంగును, చున్నీని నడుముకు బిగించుకోవాలి, జుట్టు ముడి వేసుకోవాలి; సిల్కు, నైలాను కాక నూలు బట్టలే కట్టుకోవాలి.

పాశ్చాత్య (కాథలిక్, ప్రొటెస్టెంటు), ఆర్థడాక్స్ సంఘాల పునరుత్థాన పండుగ తేదీలు 2025లో ఏప్రిల్ 20న కలిశాయి గాని, 2026లో అవి ఏప్రిల్ 5, 12. అదే ఏడాది ఏప్రిల్ 1 సాయంత్రం యూదుల పస్కా పండుగ మొదలు. రద్దీ తక్కువ కోరుకునేవారు ఈ తేదీలు చూసుకున్నాకే టికెట్లు కొనాలి. 2025 జూన్‌లో ఇశ్రాయేలు గగనతలాన్నే మూసివేశారు గనుక భారత విదేశాంగ శాఖ సూచనలను బయలుదేరే రోజు వరకు గమనించాలి, రద్దయితే డబ్బు తిరిగివచ్చే షరతును ప్రయాణ సంస్థ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. బేత్లెహేము పాలస్తీనా ప్రాంతంలో ఉంది. తిరిగి వచ్చేటప్పుడు తనిఖీ కేంద్రం దాటాలి గనుక అక్కడికి వెళ్లే ఉదయం అసలు పాస్‌పోర్టు ప్రతి ఒక్కరి దగ్గర, ఎవరిది వారి దగ్గరే ఉండాలి.