వానలకు ముందు పాత కారు తుప్పు పని: చెయ్యి పెట్టేముందు చూసుకోవాల్సినవి

ఏళ్ల తరబడి ఇంటిల్లిపాదినీ మోసిన కారుని మళ్లీ బాగుచేసుకుందాం అనుకోగానే కళ్లు ముందు పెయింట్ మీదకే పోతాయి. మడ్‌గార్డ్ అంచున ఓ పొక్కు కనిపిస్తుంది, గీకేసి పుట్టీ పెట్టి స్ప్రే కొడితే అయిపోతుందనిపిస్తుంది. అది ఆఖర్న చేసే పని. ముందు తేల్చుకోవాల్సినవి రెండు: ఈ కారు కిందకి మనిషి దూరొచ్చా, ఈ కారులో మనుషుల్ని ఎక్కించి రోడ్డు మీద తిప్పొచ్చా. ఆ రెండూ తేలేదాకా రంగు జోలికి పోకండి.

పని వానలకు ముందే ఎందుకంటే, పెయింట్ తీసేసిన ఇనుము తేమ గాలిలో కొన్ని గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. సగం గీకి వదిలేసిన కారు, అసలు ముట్టుకోని కారు కంటే తొందరగా పాడవుతుంది. కాబట్టి ఉత్సాహం కొద్దీ బండి మొత్తం ఒకేసారి విప్పి కూర్చోవద్దు. ఇవాళ ఎంత గీకితే అంతకీ ఇవాళే ప్రైమర్, అంటే రంగు కింద వేసే అడుగు పూత, వేయగలరా అని చూసుకుని అంతమేరకే తీయండి. గాలిలో తేమ 85 శాతం దాటిన రోజు ప్రైమర్ వేయకండి. రేకు వేడి కూడా తుషారాంకం కంటే, అంటే గాలిలోని తేమ చుక్కలుగా మారే ఉష్ణోగ్రత కంటే, కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది పెయింటింగ్ పనిలో పాటించే లెక్క. అవి కొలిచే సాధనం లేకపోతే తెల్లవారుజామున, చీకటి పడ్డాక రంగు పని పెట్టుకోకుండా ఉంటే చాలావరకు సరిపోతుంది.

ఇక వెతకడం. తుప్పు వెతకడం అంటే నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో వెతకడమే. తలుపుల అడుగు అంచున చిన్న చిన్న రంధ్రాలుంటాయి, లోపలికి దిగిన నీళ్లు పోవడానికి. అవి మట్టితో పూడిపోతే తలుపు లోపలి నుంచి తినేస్తుంది, బయటికి పొక్కు తేలేసరికి లోపల సగం పోయి ఉంటుంది. వైపర్ల కింద ఆకులు పేరుకునే చోటు, డిక్కీలో స్టెప్నీ కూర్చునే గుంట, బ్యాటరీ కింద ట్రే, ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ వెనక భాగం, చక్రాల పైన వంపు లోపలివైపు, అన్నీ చూడాలి. ముఖ్యంగా మ్యాట్లు, వాటి కింద కార్పెట్ ఎత్తి నేల చూడండి. కార్పెట్ కింద ఉండే స్పాంజి పైకి పొడిగా ఉన్నట్టే ఉంటుంది గానీ అడుగున నెలల తరబడి తడిని పట్టుకుని ఉంటుంది. నీళ్లు వచ్చే దారి మూయకుండా ఎంత మంచి పని చేయించినా రెండో వానాకాలానికి అదే పొక్కు అదే చోట లేస్తుంది, అందుకే ఒకరు లోపల టార్చ్ పట్టుకుని కూర్చుని, ఇంకొకరు బయట నుంచి అద్దాల మీద, తలుపుల మీద నెమ్మదిగా పైపుతో నీళ్లు పోస్తూ ఎక్కడ దిగుతున్నాయో పట్టుకోవడం మొదటి పని.

పొక్కులను చూసి మోసపోకండి. ఇనుము తుప్పుగా మారితే రెండు నుంచి ఆరు రెట్ల దాకా చోటు ఎక్కువ తీసుకుంటుంది, పెయింట్‌ని కింది నుంచి నెట్టేది అదే. పైన గోరంత పొక్కు ఉందంటే చుట్టూ పెయింట్ కింద అరచేయంత మేర పాకి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోండి, గట్టి రేకు ఖణేల్‌మంటుంది, తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్న చోట మొనతో గట్టిగా నొక్కండి. దిగబడితే బాధపడొద్దు, అక్కడ ముందే రేకు లేదని అర్థం. పాత కార్లలో ఇంకో తమాషా, ఎవరో ఎప్పుడో మందంగా పుట్టీ పెట్టి పైన రంగేసి ఉంటారు. పలుచటి గుడ్డలో అయస్కాంతం చుట్టి రేకు మీద జరుపుతూ పోతే పుట్టీ ఉన్న చోట పట్టు వదిలేస్తుంది.

ఇప్పుడు అసలు తీర్పు. తలుపు రేకు, మడ్‌గార్డ్, బానెట్ లాంటి చోట్ల తుప్పు ఉంటే అందం పోతుంది, అంతకుమించి ప్రాణం మీదకి రాదు. కానీ తలుపుల కింద పొడవునా పెట్టెలా ఉండే సిల్, బండి అడుగున బరువు మోసే ఛాసిస్ రెయిళ్లు, ముందు సస్పెన్షన్ పైభాగం బిగించే చోటు, సీటు బెల్టు బోల్టులు పట్టుకునే చోటు, సీట్ల కాళ్లు బిగించే నేల, వీటిలో రంధ్రం పడిందంటే ఢీకొన్నప్పుడు ఆపాల్సిన భాగమే లేనట్టు. అక్కడ పుట్టీ, ఫైబర్ మ్యాట్, రివెట్లు కొట్టిన రేకు ముక్క ఏదీ పనికిరాదు. తిన్న భాగం గట్టి రేకు వచ్చేదాకా కోసేసి, సరైన మందం ఉన్న కొత్త రేకు వెల్డింగ్ చేయాలి, అదీ బాడీ పని తెలిసినవాళ్లే. ఇది మీరే చేయాలని సరదా పడకండి. ఇలాంటి చోట్లు నాలుగైదు దాటితే బాగుచేయించడం కంటే బండిని వదిలేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఇంటి కారు కాబట్టి మనసు ఒప్పదు, అది వేరే సంగతి.

కిందకి దూరే విషయం. ఈ పనిలో మనిషి ప్రాణం తీయగలిగేది తుప్పు కాదు, జాకీ. బండితో వచ్చిన జాకీ టైరు మార్చడానికే. దాని మీద ఉన్న బండి కింద చెయ్యి కూడా పెట్టొద్దు, హైడ్రాలిక్ జాకీ అయినా సరే, సీలు పోతే చెప్పాపెట్టకుండా దిగిపోతుంది. లేపాక బరువు జాకీ స్టాండ్ల మీద, అంటే లేపిన బండిని మోయడానికే చేసిన ఇనుప కాళ్ల మీద, ఉండాలి, నేల గట్టిగా, చదునుగా ఉండాలి, నేల మీదున్న చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టాలి. ఇటుకలు, బోలు సిమెంటు దిమ్మెలు అస్సలు వద్దు, అవి కొంచెం కొంచెంగా కుంగవు, ఒక్కసారిగా పగిలిపోతాయి. తుప్పు బండిలో ఇంకో చిక్కుంది: జాకీ పెట్టాల్సిన చోటే సిల్ అంచున ఉంటుంది, తినేసేదీ అక్కడే. జాకీ లేపుతుంటే రేకు లోపలికి మడతపడి కరకరమన్నా, బండి లేవకుండా జాకీ ఒక్కటే లేస్తున్నట్టున్నా వెంటనే దించేయండి. స్టాండ్లు పెట్టాక పడుకోబోయే ముందు బండిని పక్క నుంచి గట్టిగా ఊపి చూడండి, కదిలితే మీరు బయట ఉండగానే కదలాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కింద పని పెట్టుకోవద్దు.

పని మొదలెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి, తగిలించేటప్పుడు అది చివర. ఎయిర్‌బ్యాగులున్న కారైతే బ్యాటరీ తీశాక కూడా ఆ సర్క్యూట్‌లో కాసేపు చార్జ్ మిగిలుంటుంది, ఎంతసేపు ఆగాలో బండి మాన్యువల్‌లో రాసి ఉంటుంది, అంతసేపూ ఆగండి. సీట్ల కింద, స్టీరింగ్ దగ్గర పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగులవి, సీటు బెల్టుని లాగి బిగించే పరికరాలవి. వాటిని మీటరు పెట్టి పరీక్షించకండి, సుత్తితో దగ్గర్లో బాదకండి. హైబ్రిడ్ బండి అయితే నారింజ రంగు కేబుళ్లు హై వోల్టేజీవి, వాటి దగ్గర్లో తుప్పు ఉంటే ఆ పని మీది కాదు.

గ్రైండర్ దగ్గర చాలామంది అశ్రద్ధగా ఉంటారు. వైర్ బ్రష్ చక్రం తిరిగేటప్పుడు సన్నని తీగలు సూదుల్లా ఎగిరొస్తాయి, మామూలు కళ్లద్దాలు చాలవు, పక్కలు మూసి ఉండే గాగుల్స్ మీద ముఖానికి షీల్డ్ కూడా ఉండాలి. గార్డ్ తీసేసి వాడొద్దు, డిస్క్ మీద రాసిన వేగం మీ గ్రైండర్ వేగం కంటే తక్కువైతే ఆ డిస్క్ పెట్టొద్దు. చున్నీలు, వేలాడే చొక్కా చేతులు, మెడలో గొలుసులు తీసేయాలి. రవ్వలు ఎటు పడుతున్నాయో కూడా చూడండి: కారు అద్దానికి తగిలితే అద్దంలోనే అతుక్కుని చుక్కలు పడిపోతాయి, ఎంత తుడిచినా పోవు. థిన్నర్ గుడ్డలు, పెట్రోలు డబ్బాలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. దుమ్ము సంగతి ఇంకా ముఖ్యం. బాగా పాత కార్ల పెయింట్‌లో సీసం ఉండొచ్చు, పాత బ్రేక్ షూలలో, బండి అడుగున కొట్టే కొన్ని పాత అండర్‌కోటింగ్‌లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. అందుకని పొడిగా గీకి గాలితో ఊదేయడం మానండి, వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి, పీ100 రకం ఫిల్టర్ ఉన్న మాస్క్ ముఖానికి బిగుతుగా పెట్టుకోండి (ఆస్బెస్టాస్‌కి ఎన్95 చాలదు), ఆ బట్టలతో ఇంట్లో తిరగొద్దు. పిల్లలు ఆ దరిదాపుల్లో వద్దు.

రసాయనాలకొస్తే, తుప్పుని నల్లగా మార్చే రస్ట్ కన్వర్టర్ మంచిదే, కానీ దాని మీద లేని నమ్మకం పెట్టుకోవద్దు. అందులో ఉండేది టానిక్ యాసిడ్ గానీ ఫాస్ఫారిక్ యాసిడ్ గానీ. రాలిపోయే తుప్పంతా గీకాక రేకు గుంటల్లో మిగిలిన సన్నటి తుప్పుకి అది పనిచేస్తుంది, పొరలు పొరలుగా లేచిన దాని మీద పూస్తే పై పొర నల్లబడుతుంది, కింద కథ నడుస్తూనే ఉంటుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో తుప్పు వదిలించే చిట్కా వినే ఉంటారు, ఆ పొగ పక్కనున్న పనిముట్లను కూడా తుప్పు పట్టిస్తుంది, కీళ్ల మధ్య ఇరుక్కున్న యాసిడ్ తర్వాత లోపలి నుంచి తింటుంది. పొరపాటున బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. కొన్ని రస్ట్ రిమూవర్లలో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది, లేబుల్ మీద ఆ పేరు కనిపిస్తే సీసా మూత కూడా తీయకండి, అది చర్మం మీద పడినప్పుడు నొప్పి వెంటనే తెలియకుండానే లోపలికి దిగుతుంది. అవిసె నూనె ఉన్న పూతలు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. ఒక్కొక్కటీ విడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయాలి.

వెల్డింగ్ మీరు చేయకపోయినా, చేయించేటప్పుడు కొన్ని మీరే అడగాలి. లోపల కార్పెట్, స్పాంజి, సీట్లు తీశారా? రేకు అవతలివైపు ఏముందో చూశారా? పెట్రోలు పైపు, వైరింగ్, బ్రేక్ పైపు చాలా బళ్లలో సిల్ పక్కనే పోతుంటాయి. బ్యాటరీ వైరు తీశారా? ట్యాంకు దగ్గర పనైతే ట్యాంకు దించేసి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకే కదా అనకండి, నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకులోని ఆవిరే ఎక్కువ ప్రమాదం, దాని మీద వెల్డింగ్, గ్రైండింగ్ రెండూ వద్దు. రేకుని బ్రేక్ క్లీనర్‌తో తుడిచి వెంటనే వెల్డింగ్ పెట్టకూడదు, క్లోరిన్ ఉన్న క్లీనర్ అయితే ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. జింకు పూత ఉన్న రేకు పొగ పీలిస్తే ఆ రాత్రికి చలి జ్వరం వచ్చినట్టు అవుతుంది, అతికే చోట పూత గీకేసి, గాలి బాగా ఆడేచోట చేయాలి. అగ్నిమాపక సిలిండర్ చేతికందేలా ఉండాలి, పనయ్యాక కనీసం అరగంట, వీలైతే గంట బండి దగ్గరే ఎవరైనా ఉండాలి, లోపలి అండర్‌కోటింగ్ కనపడకుండా నిప్పు రాజుకుని తర్వాత పైకి లేస్తుంది.

రంగు సంగతి త్వరగా చెప్పేస్తాను. శుభ్రమైన రేకు మీద ముందు ఎపాక్సీ ప్రైమర్. మామూలు ప్రైమర్ తేమని లోపలికి రానిస్తుంది, పుట్టీ అయితే నీళ్లు పీలుస్తుంది, అందుకే పుట్టీని నేరుగా ఇనుము మీద కాకుండా ఎపాక్సీ మీద పెట్టడం మేలు. మందం 3 మిల్లీమీటర్లు దాటేలా ఉంటే రేకు సరిగ్గా సరిచేయలేదన్నమాట, మళ్లీ డెంటింగ్‌కి వెళ్లండి. హార్డెనర్ కలిపే రెండు భాగాల పెయింట్లు, క్లియర్ కోట్లలో చాలావాటిలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. స్ప్రే చేసినప్పుడు వాటిని పీలిస్తే ఆస్తమా పట్టుకోవచ్చు, ఒకసారి ఒంటికి పడకుండా పోయాక తర్వాత కొంచెం పీల్చినా ఊపిరాడదు. దుమ్ము మాస్క్ వాటిని అసలు ఆపదు, బయటి నుంచి మంచి గాలి పంపే మాస్క్ కావాలి. అది ఇళ్లల్లో ఉండదు కాబట్టి ఆ పని పెయింటింగ్ బూత్‌కి వదిలేయండి.

అడుగున నల్లటి మందపు కోటింగ్ కొట్టించేస్తే కొత్త బండిలా అవుతుందని చాలామందికి నమ్మకం. తుప్పు మీద కొడితే అది తడిని లోపల బంధించడమే, పైకి మాత్రం చూడ్డానికి బాగుంటుంది. శుభ్రం చేసి ప్రైమర్ వేసిన మీదే అది. సిల్ లాంటి మూసుకుపోయిన పెట్టెల లోపలికి క్యావిటీ వ్యాక్స్, అంటే తుప్పు పట్టకుండా కాపాడే మైనపు పూత, పొడవాటి గొట్టంతో కొట్టాలి, అదీ వెల్డింగ్ అంతా అయ్యాకే, ముందే కొడితే ఆ వేడికి నిప్పంటుకుంటుంది.

మళ్లీ రోడ్డెక్కించే ముందు బ్రేకులు. అడుగున పోయే ఇనుప బ్రేక్ పైపులు పైకి మట్టి అంటినట్టే ఉంటాయి, తుడిచి చూస్తే గుంటలు పడి ఉంటాయి. గుంటలు పడ్డ పైపుని ఎమరీ పేపర్‌తో రుద్ది రంగేయకండి, మార్చేయండి, గట్టిగా తొక్కిన రోజే అది పగులుతుంది. రబ్బరు పైపులు వంచి చూడండి, పగుళ్లుంటే అవీ అంతే. బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే మార్చాల్సిందే, కొత్త పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుందని కూడా గుర్తుంచుకోండి. టైర్ల పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2314 అంటే 2014లో 23వ వారం తయారైందని. పదేళ్లు దాటినవి గాడి ఎంత బాగున్నా తీసేయండి.

మూసి ఉన్న షెడ్‌లో ఇంజిన్ ఆడించి చూడొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు. మొదటిసారి ఖాళీ చోట నడక వేగంలో పోనిచ్చి నాలుగైదుసార్లు బ్రేక్ తొక్కి, దిగి చక్రాల లోపలివైపు తడి ఉందేమో చూడండి. చక్రాలు విప్పి బిగించి ఉంటే 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ ఓసారి బిగించి చూడాలి. తొలి వాన పడ్డాక కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడండి, తలుపుల అడుగు రంధ్రాలు కూడా, మీరు కొట్టించిన వ్యాక్సే గట్టిపడి వాటిని మూసేసి ఉండొచ్చు, సన్నటి తీగతో తెరవండి.