డీజిల్ పికప్ లాగడం లేదా? టర్బో విప్పే ముందు ఇవి చూడండి

లోడు మీద బండి లాగకపోతే వెంటనే వినిపించే మాట "టర్బో పోయింది". తీరా చూస్తే చాలాసార్లు టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంకా) బాగానే ఉంటుంది. పాడైంది గాలి తీసుకెళ్లే హోసో, టర్బో లోపలి వేన్లను (పొగ దారిని సర్దే చిన్న రెక్కలు) కదిలించే యాక్చుయేటరో అయి ఉంటుంది. కొత్త టర్బో ఖరీదు మామూలుగా ఉండదు. అందుకే చవకైన కారణాలను ముందు తేల్చుకోవాలి.

లాగడం లేదు, నల్లపొగ వస్తోంది

పడుతున్న డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదని అర్థం. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. అది శుభ్రంగా ఉంటే టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లబరిచే రేడియేటర్ లాంటిది), అక్కడి నుంచి ఇంజిన్‌కి వెళ్లే హోసుల మీదే నా అనుమానం. ఫుల్ లోడులో వీటిలో ఒత్తిడి ఒక బార్ దాటడం మామూలే. ఐడ్లింగ్‌లో మూసుకుని ఉండే చీలిక ఆ ఒత్తిడికి నోరు తెరుస్తుంది. కాబట్టి బోనెట్ ఎత్తి పైపైన చూస్తే ఏమీ దొరకదు. ఇంజిన్ చల్లారాక హోసును చేత్తో వంచి, మెలితిప్పి చూడాలి. ముఖ్యంగా అడుగు భాగం, క్లాంపు బిగిసే అంచు. ఒకేచోట ఆయిల్ తడికి దుమ్ము అంటుకుని నల్లగా కనిపిస్తే అక్కడే లీకు.

అయినా దొరక్కపోతే టర్బో ఇన్‌లెట్‌కు మూత బిగించి, రెగ్యులేటర్ పెట్టి ఒక బార్‌కు లోపే గాలి ఎక్కించండి. జాయింట్ల మీద, ఇంటర్‌కూలర్ అంచుల మీద సబ్బునీళ్లు పోస్తే బుడగలు వస్తాయి. చీలిన హోసును మార్చాల్సిందే, టేపు చుడితే ఆగదు.

ఆ పైపుల లోపల పల్చటి ఆయిల్ జిడ్డు కనిపిస్తే టెన్షన్ పడకండి. బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి వెళ్లే గొట్టం) నుంచి వచ్చే ఆవిరి అలా అంటుకుంటుంది. ఆయిల్ మడుగు కట్టి ఉంటేనే ఆలోచించాలి.

ఎత్తు ఎక్కుతుంటే లింప్ మోడ్, ఆపి స్టార్ట్ చేస్తే మళ్లీ మామూలే

లింప్ మోడ్ అంటే ఇంజిన్‌ను కాపాడటానికి బండి కంప్యూటరే పవర్ తగ్గించేయడం. వేరియబుల్ టర్బో (వేన్లు కదిలే రకం) ఉన్న బండ్లలో ఇది ఎక్కువ. మసి పట్టి వేన్లు ఇరుక్కుంటాయి. స్కానర్‌లో పి0299 వస్తే బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) తక్కువైందని, పి0234 వస్తే ఎక్కువైందని. ఏ భాగం పోయిందో కోడ్ చెప్పదు, ఆ సంగతి మర్చిపోయి టర్బో మార్చేసేవాళ్లే ఎక్కువ.

వాక్యూమ్ యాక్చుయేటర్ అయితే ఒకరు స్టార్ట్ చేస్తుంటే మరొకరు రాడ్‌ను గమనించండి. చాలా బండ్లలో స్టార్ట్ కాగానే రాడ్ సాఫీగా లోపలికి వెళ్లి, ఆపగానే తిరిగి రావాలి. కదలకపోతే హ్యాండ్ వాక్యూమ్ పంపు తగిలించండి. పంపుతో కదిలితే లోపం సన్నటి వాక్యూమ్ గొట్టాల్లోనో, సోలినాయిడ్‌లోనో (వాక్యూమ్‌ను అదుపు చేసే కరెంటు వాల్వ్) ఉంది. వాక్యూమ్ నిలవకపోతే యాక్చుయేటర్ లోపలి డయాఫ్రమ్ (రబ్బరు పొర) చిరిగింది. వాక్యూమ్ నిలిచి కూడా రాడ్ కదలకపోతే వేన్లు ఇరుక్కున్నాయి, విప్పి మసి తీయాలి.

తాళం ఆన్ చేసి, ఇంజిన్ ఆపి ఉంచి మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచేది) రీడింగ్ కూడా చూడండి. సముద్రమట్టం దగ్గర సుమారు 100 కిలోపాస్కల్స్ చూపాలి. తేడా ఎక్కువగా ఉంటే సెన్సరే అబద్ధం చెబుతోంది. తెరుచుకుపోయిన ఈజీఆర్ వాల్వ్ (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), మూసుకుపోయిన డీపీఎఫ్ (సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్) కూడా ఇవే లక్షణాలు చూపిస్తాయి.

కొత్తగా ఈల, సైరన్ లాంటి మోత

సన్నటి ఈల టర్బోకి సహజం. బుస్సుమనే చప్పుడైతే హోసు లీకు. టిక్‌టిక్‌మంటూ మ్యానిఫోల్డ్ దగ్గర మసి మరకలుంటే గ్యాస్కెట్ పోయింది. రేస్ చేసేకొద్దీ సైరన్‌లా పెరిగితే మాత్రం ఇన్‌లెట్ పైపు తీసి, చల్లటి ఇంజిన్ మీద షాఫ్ట్ పట్టుకుని చూడండి. పక్కలకు కాస్త కదలడం మామూలే. ముందుకీ వెనక్కీ ఆట చేతికి తెలిసిందంటే, లేదా రెక్కలు హౌసింగ్‌ను రాసుకున్నాయంటే టర్బో పని అయిపోయింది.

నీలిపొగ, తగ్గిపోతున్న ఆయిల్

టర్బో నుంచి ఆయిల్ తన బరువుతోనే కిందికి దిగాలి. డ్రెయిన్ పైపు నలిగినా, బ్రీదర్ మూసుకున్నా, ఆయిల్ ఎక్కువ పోసినా అది సీళ్ల పక్కనుంచి పొర్లుతుంది. ముందు వీటిని సరిచేయండి.

ఈ స్థితిలో బండి నడపకండి. ఇంజిన్ తన ఆయిల్‌నే తాగుతూ రేస్ అయిపోతే తాళం తీసినా ఆగదు. మాన్యువల్ గేరైతే బ్రేకు గట్టిగా తొక్కి, టాప్ గేర్ వేసి క్లచ్ వదిలితే ఆగే అవకాశం ఉంది. ఇన్‌లెట్‌కు చెయ్యి అడ్డం పెట్టొద్దు. ఆగకపోతే దూరంగా జరగండి.

మార్చక తప్పకపోతే

టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది, కొన్ని సెకన్లు ఆయిల్ అందకపోయినా బేరింగ్ పోతుంది. ఆయిల్, ఫిల్టర్‌తో పాటు ఆయిల్ ఫీడ్ పైపు కూడా మార్చండి. ఇంటర్‌కూలర్‌లోని పాత ఆయిల్, రెక్కల ముక్కలు కడిగేయండి. ఆయిల్ జాయింట్లకు సీలెంట్ పూయొద్దు, ఊడిన తునక రంధ్రానికి అడ్డం పడుతుంది. టర్బోలో కొంచెం కొత్త ఆయిల్ పోసి చేత్తో తిప్పి, డీజిల్ ఆపి క్రాంక్ చేసి (స్టార్టర్‌తో ఇంజిన్‌ను తిప్పి) ఆయిల్ ప్రెషర్ వచ్చాకే స్టార్ట్ చేయండి. కాసేపు రేస్ చేయకుండా ఐడ్లింగ్‌లోనే ఉంచి, జాయింట్లలో చెమ్మ వస్తోందేమో చూడండి.