కొత్త డర్ట్ బైక్‌కు నేను మొదట చేయించిన మార్పులు

బైక్ కొన్న రెండో ఆదివారమే, గండిపేట దాటాక ఒక రాళ్ల బాట ఎక్కుతూ కుడివైపు పడిపోయాను. వేగం లేకపోయినా ముందు బ్రేక్ లీవర్ గ్రానైట్ బండకు తగిలి సగానికి విరిగింది. అందుకే సైలెన్సర్ మార్చాలన్న కోరికను పక్కన పెట్టి, హ్యాండిల్‌కు రెండు చోట్ల బిగుసుకొని, చేతులకూ లీవర్లకూ దెబ్బ తగలకుండా అడ్డుండే అల్యూమినియం హ్యాండ్‌గార్డులను, ఇంజిన్ కింద రాళ్ల దెబ్బలను కాచే గట్టి పలకను, అంటే బాష్ ప్లేటును ముందుగా వేయించాను. ప్లాస్టిక్ గార్డులు కొమ్మలను ఆపుతాయే గాని బండలను ఆపలేవు. లీవర్‌ను హ్యాండిల్‌కు పట్టి ఉంచే క్లాంపును, చేత్తో బలంగా తోస్తే తిరిగేంత పట్టుతోనే బిగించాను, ఎందుకంటే పడినప్పుడు పక్కకు తిరిగిన లీవర్ సాధారణంగా విరగదు. గార్డులు బిగించాక హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, యాక్సిలరేటర్ వదలగానే వెనక్కి వస్తోందో లేదో తప్పక చూసుకోవాలి. నా బైక్‌లో గ్రిప్పు గార్డుకు రాసుకొని పట్టేసింది, గ్రిప్పు చివరను 2 మిల్లీమీటర్లు కోశాక సరిపోయింది.