జెర్సీ జాకెట్టుకి కుచ్చులు: టెన్షన్ మర తిప్పే ముందు

హుక్కులు లేకుండా తల మీదుగా వేసుకునే జాకెట్టు, చేతుల అంచుకి కుచ్చులు. రొట్టెల పండక్కి నెల్లూరు వచ్చిన మా వదిన అలాంటిది కావాలంది. చిన్నబజారులో జెర్సీ ముక్క తెచ్చి మొదలుపెట్టాను. రెండు పాడయ్యాయి, మూడోది కుదిరింది. కుట్టు చెడిందంటే చాలు, మన చెయ్యి నేరుగా దారం బిగువు సర్దే టెన్షన్ మర మీదకే పోతుంది. నేను చూసినంతలో తప్పు అక్కడ ఉన్నది తక్కువ. సూదిలోనో, బట్టని పట్టుకున్న తీరులోనో ఉంటుంది.

కుట్టు మధ్యమధ్యలో వదిలేస్తోంది

జెర్సీ మగ్గం మీద నేసింది కాదు, బనియన్ లాగా ఉచ్చులు ఉచ్చులుగా అల్లింది. మామూలు సూది మొన పదునుగా ఉంటుంది. అది ఉచ్చుల పక్కనుంచి జారిపోకుండా దారాల్లోనే దిగబడుతుంది. బట్ట కూడా సూదితోపాటు కిందికి పోయి పైకి లేస్తుంది. అప్పుడు కింది దారాన్ని కలిపే షటిల్ కొన అందుకోవాల్సిన దారం మెలిక ఏర్పడదు. ఒక కుట్టు ఎగిరిపోతుంది.

మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది వెయ్యండి. పల్చటి జెర్సీకి 11 నంబరు చాలు. లైక్రా కలిసి బాగా సాగే రకమైతే స్ట్రెచ్ సూది. కొట్టుకి వెళ్లేటప్పుడు మీ మిషన్‌లోని పాత సూదిని పట్టుకెళ్లండి, ఎందుకంటే మిషన్‌లో బిగించే సూది కాడ అన్ని మిషన్లకీ ఒకటే కాదు. పనిలోపనిగా ఆ పాత సూది మొనని గోటి మీద గీసి చూడండి. గరుగ్గా తగిలితే పారేయండి. మన సముద్రపు గాలికి డబ్బాలో పెట్టిన సూదులే తుప్పు పడతాయి, మిషన్‌కి ఉన్నదాని సంగతి చెప్పక్కర్లేదు.

పదును సూదితో ఇంకో నష్టం ఉంది. కుట్టిన రోజు ఏమీ కనిపించదు. రెండు ఉతుకులయ్యాక కుట్టు పక్కన చిన్న చిన్న చిల్లులు మొదలవుతాయి. నా మొదటి జాకెట్టు అలాగే పోయింది.

తల దూర్చగానే కుట్టు పటపటా తెగింది

బట్ట సాగింది, దారం సాగలేదు, అంతే. జిగ్‌జాగ్ (వంకరటింకర కుట్టు) ఉన్న మిషనైతే వెడల్పు అర మిల్లీమీటరు, పొడవు రెండున్నర పెట్టండి. చూడ్డానికి తిన్నటి కుట్టులాగే ఉంటుంది, లాగితే సాగుతుంది. ఇంట్లో ఉన్నది తిన్నటి కుట్టు మాత్రమే వేసే నల్ల మిషనైతే కుట్టు చిన్నది చేసి, పక్క కుట్ల దగ్గర ముందూ వెనకా పట్టుకుని కొంచెం సాగదీస్తూ కుట్టండి. దారం పాలిస్టర్‌దే వాడండి, నూలుది వద్దు.

భుజం, మెడ అలలు అలలుగా వచ్చాయి

పక్క కుట్టుకి చెప్పిన సాగదీత ఇక్కడ అస్సలు వద్దు. సూది దగ్గర బట్టని పట్టి ఉంచే ఫుట్ గట్టిగా అదుముతుంటే పైపొర ముందుకి సాగిపోతుంది. మిషన్ తలమీద ఉండే ప్రెషర్ మరని కొంచెం వదులు చెయ్యండి. బట్ట బల్ల మీదనుంచి వేలాడకూడదు, దాని బరువుకే అది సాగుతుంది. భుజం కుట్టులో సన్నటి నూలు నాడా కలిపి కుడితే ఇక జారదు. మెడ పట్టీ మాత్రం మెడకన్నా తక్కువ ఉండాలి: 24 అంగుళాల మెడకి 21 అంగుళాల పట్టీ. ఇప్పటికే అలలు పడితే తడిగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టె రుద్దకుండా పైనుంచి అదమండి. చాలావరకు సర్దుకుంటుంది.

కుచ్చులు ఒకచోట ముద్ద, ఒకచోట ఖాళీ

ఇక్కడ తొందరపడితే కుదరదు. ఒకే వరస పొడుగు కుట్టు వేసి లాగితే సగంలో దారం తెగుతుంది. పావు అంగుళం ఎడంలో రెండు వరసలు వెయ్యండి, కుట్టు పొడవు 4 మిల్లీమీటర్లు. పై టెన్షన్ ఇక్కడ మాత్రం కావాలనే వదులు చెయ్యండి, అప్పుడు కింది బాబిన్ దారాలు సులువుగా లాగొస్తాయి. లాగే ముందే కుచ్చుల పట్టీనీ, చేతి అంచునీ నాలుగు భాగాలుగా గుర్తుపెట్టి, గుర్తుకి గుర్తు గుండుసూది గుచ్చండి. కుచ్చులు పైకి కనబడేలా పెట్టి, రెండు వరసల మధ్యలోంచి కుట్టండి. అయ్యాక టెన్షన్‌ని మళ్లీ పాత అంకెకి తెచ్చుకోవడం మర్చిపోకండి.

పట్టీ ఎంత పొడవు? చేతి అంచు చుట్టుకొలతకి ఒకటిన్నర రెట్లు చాలు. పన్నెండు అంగుళాల చేతికి పద్దెనిమిది. బాగా పల్చనిదైతే రెండు రెట్లు. నూలు బట్టకి పోసినంత జెర్సీకి పోస్తే ఆ బరువుకి చెయ్యి కిందికి వేలాడుతుంది. వెడల్పు కూడా రెండంగుళాలు దాటనివ్వకండి.

కుచ్చుల అంచు చుట్టుకుపోతోంది

అది జెర్సీ స్వభావం. అడ్డంగా కత్తిరించిన అంచు మంచివైపుకి ముడుచుకుంటుంది. దారాలు ఊడవు కాబట్టి మడిచి కుట్టాల్సిన పనిలేదు, అలాగే వదిలేసినా బాగుంటుంది. వద్దనుకుంటే అంచుని సాగదీస్తూ దగ్గర జిగ్‌జాగ్ వెయ్యండి, చిన్న చిన్న అలలు వస్తాయి. ఇందాక మెడకి తప్పయిందే ఇక్కడ అందం.

ఉతికాక పొట్టిదైంది

కత్తిరించే ముందే ఉతికి ఆరేయాల్సింది. నూలు జెర్సీ కుదించుకుంటుంది. కుట్టాక చేయగలిగింది పెద్దగా లేదు.

బట్ట అడుగున దారం ఉండలు కట్టింది

ఫుట్ పైకెత్తి, పైదారం మొత్తం తీసి మళ్లీ ఎక్కించండి. ఫుట్ దించి ఎక్కిస్తే దారం టెన్షన్ బిళ్లల మధ్యకి దిగదు. మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల చివరలూ వెనక్కి పట్టుకోండి, కింద పల్చటి కాగితం పెట్టండి. అప్పటికీ ఉండలు కడుతుంటే, ఇప్పుడు తిప్పండి టెన్షన్ మర. ఒక్కో అంకె చొప్పున, ప్రతిసారీ పాత ముక్క మీద కుట్టి చూస్తూ.