పుట్టీతో బుల్లి బొమ్మలు – 4వ పాఠం: నునుపు తేలే వేళ

పోయిన పాఠంలో తీగ చట్రానికి కండ పట్టించి ఆరబెట్టాం. ఈసారి పైపొర. 54 మి.మీ. బొమ్మ వీపునే తీసుకుందాం. వీపు మీద మడతలుండవు, నగలుండవు, తప్పు దాచుకునే చోటే ఉండదు.

చాలామంది నునుపును చివర్లో రుద్ది తెప్పించాలని చూస్తారు. అది పుట్టీ గట్టిపడుతున్నప్పుడే రావాలి. మనం వాడే గ్రీన్ స్టఫ్ రెండు భాగాలు కలిపితే గట్టిపడే ఎపాక్సీ పుట్టీ. దాని పసుపు, నీలం పట్టీలు పక్కపక్కనే అంటుకుని వస్తే, ఆ నడిమి గీతను ముందే కోసి పారేయండి. అక్కడ అప్పటికే గట్టిపడ్డ రవ్వలుంటాయి. ఎంత పిసికినా కలవవు, రేపు వీపు మీద చెమటకాయల్లా తేలతాయి. మిగతాది సమపాళ్లలో, చారలు పోయి ఒకటే ఆకుపచ్చ అయ్యేదాకా పిసకండి. చేతులకు నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. ఆరని ఎపాక్సీ కొందరి చర్మానికి అలర్జీ తెస్తుంది, ఒకసారి వచ్చిందంటే వదలదు.

కలిపిన వెంటనే ముద్ద జిగురుగా ఉంటుంది. అప్పుడు పరచండి, అంచులు పలచగా లాగండి, అంతే. నున్నగా చేయబోతే పనిముట్టుకు అంటుకుని లేచి వస్తుంది. సుమారు గంటన్నర పనికొస్తుందని చెప్పే లెక్క చెన్నై మే నెలకు పనికిరాదు, వేడికి ఎపాక్సీ త్వరగా బిగుస్తుంది. అందుకే శనగగింజంత చొప్పునే కలపండి. అందులోంచి చిటికెడు పక్కన పెట్టి, మధ్యమధ్య గోటితో నొక్కి చూడండి. గోరు దిగాలి, గుర్తు నిలవాలి, కానీ ముద్ద గోటికి అంటకూడదు. ఆ వేళ వచ్చిందంటే బొమ్మ దగ్గరికి వెళ్లండి.

సిలికాన్ మొన ఉన్న బ్రష్‌ను తడిపి, గుడ్డకు అద్ది, వెన్నెముక నుంచి పక్కలకు లాగండి. బ్రష్ బరువే చాలు, మీ చేతి బలం వద్దు. గుంట పడితే దాన్ని మళ్లీ నొక్కకండి, చుట్టూ ఉన్న పుట్టీని దానిలోకి నెట్టండి.

గ్రీన్ స్టఫ్ నీటిలో కరగదు, నీరు అంటుకోకుండా కాపాడుతుందంతే. మిల్లిపుట్ అనే మరో ఎపాక్సీ పుట్టీ అలా కాదు, తడి కుంచెతో రాస్తే పైపైన మెత్తబడి సన్నని రంధ్రాలను తనే పూడుస్తుంది. నీటికి బదులు వాజిలిన్ వాడితే తర్వాతి పొరకు ముందు సబ్బుతో కడగాలి, లేకపోతే పొర పట్టదు. ఆరాక గ్రీన్ స్టఫ్ రబ్బరులా సాగుతుంది కాబట్టి గరుకు కాగితానికి నూగు లేస్తుంది. మిల్లిపుట్ చక్కగా అరుగుతుంది. నేర్చుకునేవాళ్లకు రెండూ సగం సగం కలిపిన ముద్దే నయమని నా అభిప్రాయం. పారీస్ కార్నర్ హార్డ్‌వేర్ కొట్లలో దొరికే వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) 400, 600, 1000 నంబర్ల వరసలో, నీళ్లు చల్లుకుంటూ రుద్దండి. పొడి లేవదు.

వీలైతే ఒక మధ్యాహ్నం ఎగ్మోర్ మ్యూజియం కంచు విగ్రహాల గదికి వెళ్లండి. తిరువాలంగాడు నటరాజు ముందు నిలబడి మెల్లగా పక్కకు నడవండి. మెరుపు తొడ మీదుగా ఎక్కడా తెగకుండా జారుతుంది. మనకు కావలసింది అదే.

ఈ వారం పని: వీపు పూర్తిచేసి, ఒక రోజు ఆరనిచ్చి, బూడిదరంగు ప్రైమర్ (రంగులకు ముందు వేసే పూత) పలచగా కొట్టండి. గదిలో దీపాలార్పి, టేబుల్ ల్యాంపును పక్కనుంచి, తక్కువ ఎత్తులో పెట్టి బొమ్మను తిప్పండి. వెలుగు విరిగిన చోటల్లా పెన్సిల్‌తో చుక్క పెట్టండి. వచ్చే పాఠంలో ఆ చుక్కలతోనే మొదలుపెట్టి, ఆ తర్వాత పంచె కుచ్చిళ్లకు వెళ్దాం.